పదిహేను దినాల బంద్

గేటు పక్క గోడకు కాగితం అతికించిన్రు.
మే తొమ్మిది నుంచి ఇరవై మూడు దాకా కంపెనీ బంద్.
కింద సంతకం, సంతకం మీద ముద్ర,
ముద్ర మీద అప్పుడే పడ్డ సిమెంటు దుమ్ము.

ఎందుకు బంద్ అంటే
నా చాయ్ బండి కాడ గ్లాసుకో కారణం.
ఎండలకు కరెంటు సాలదని టైమాఫీసు గుమస్తా.
గోదాము నిండింది, రేపు వానలల్ల ఇండ్లెవరు కడతరని
లారీ మీదికెళ్లి డ్రైవర్.
మేనేజర్ పిల్లలకు బడి సెలవులు, ఊటీ పోతరట,
అని ఇంకొకడు, గొంతు తగ్గించి.
ముసలి ఫిట్టర్ ఖాజామియా మాత్రం
గ్లాసు అడుగు దాకా తాగినంక అన్నడు:
"తిరిగి తిరిగి కిలన్ అలిసింది బిడ్డా.
ఏడాదికొక్కసారి అంగి విప్పుతది."
నేను ఆయన మాటే నమ్మిన.

తొమ్మిదో తారీఖు రాత్రి పదిన్నరకు మోత ఆగింది.
ఇరవై రెండేండ్ల సంది మా చెవులల్ల కాపురమున్న మోత.
వాడంత లేచి కూసున్నది.
మా అత్త సైదమ్మ గోడకు అరచెయ్యి ఆనించి
"వణుకుతలేదు" అన్నది, భయపడ్డట్టు.
కుక్కలకు గూడ ఎటు మొరగాల్నో తెలువలే.

పర్మినెంటోళ్లు తెల్లారి హుజూర్‌నగర్ బస్సెక్కిన్రు.
ఒకరు జానపహాడ్ దర్గాకు మొక్కు తీర్చనీకె,
ఒకరు అత్తగారింటికి, తొక్కుల దినాలు గదా,
జాడీలు పట్టుకొని.

నడుమల ఒకనాడు గాలివాన.
ఎప్పుడైతే వాన కడిగిన పూటకే
మళ్ల బూడిదయ్యేది బండి ఎనుక కానుగ చెట్టు.
ఈసారి మర్నాడు గూడ పచ్చగున్నది, ఆ మర్నాడు గూడ.
మా చిన్నది ఎప్పుడూ చెట్టుకు పెన్సిలే రుద్దేది.
డబ్బల పచ్చరంగు ముక్క కొన్నప్పటి లెక్కనే ఉన్నది.
ఇప్పుడు తీసింది.

బంద్ అందరికా, కొందరికా?
కాగితంల అది రాయలే.
మా జానయ్య కాంట్రాక్టు. లోడింగ్ లేదు, కూలి లేదు,
సరే, నిద్రన్న పోత అని నులకమంచం వాలుస్తుంటే
మేస్త్రి మనిషిని పంపిండు.
కిలన్ లోపల పాత ఇటుక కొట్టాలె. దినానికి తొమ్మిదొందలు.

మూడు దినాలు సల్లార్చినంక గూడ
లోపల చెప్పులు మెత్తబడతయట.
ఆరుగురు పోతరు, పావుగంటకు బయటికొస్తరు,
ఉప్పేసిన మజ్జిగ తాగి మళ్ల పోతరు.
తండా నుంచి లచ్చిరాం, ఆయన తమ్ముడు,
ఒడిశా పిల్లగాండ్లు ఇద్దరు. పేరడిగితే నవ్వుతరు.

దినాం నాలుగొందల గ్లాసులమ్మే బండి
ముప్పయికి పడ్డది. ఆ ముప్పయీ మజ్జిగే.

ఒకనాడు రాత్రి, వీపుకు తడిబట్ట పరుస్తుంటే,
జానయ్య బోర్ల పండుకొనే చెప్పిండు:
"ఇయ్యాల లోపల ఒక్కన్నే ఉన్నప్పుడు
నా పేరు నేనే ఒర్లిన.
అది ఐదు సార్లు పిలిచింది నన్ను.
పదకొండేండ్లల ఆ కంపెనీల
పేరు పెట్టి పిలిచింది అదొక్కటే."
నేను నవ్విన. ఆయన నవ్వలే.

ఆఖరునాడు పగలని ఇటుకొకటి తెచ్చిండు.
పాతదే గదా అని గేటు కాడ ఇడిసిపెట్టిన్రట.
మంట దిక్కున్న మొఖం నల్లగ, గాజు లెక్క మెరుస్తది.
అవతలి మొఖానికి ఏం తెలువదు.

ఇరవై నాలుగు పొద్దుగాల సైరన్.
గోడ మళ్ల వణికింది, మా అత్తకు నిద్ర పట్టింది.
సాయంత్రానికి కానుగాకు మీద ఏలుతోని పేరు రాయొచ్చు.

కొత్తగొచ్చిన సెక్యూరిటీ పిల్లగాడు అడిగిండు,
"ఏటేట ఎందుకు బంద్ చేస్తరమ్మా?"
"అరిగిన ఇటుక మార్చనీకె" అన్న.
వాడు చిల్లర లెక్కబెట్టి పోయిండు.

ఆ ఇటుకను స్టవ్ కుంటికాలు కింద పెట్టిన.
ఇప్పుడు ఊగుతలేదు.